తాళంచెవికి లాటిన్‌లో చుట్టాలెవరు? స్పానిష్ ‘యావె’ కథాకమామీషు

2025 మే 7న వాటికన్‌లో 133 మంది కార్డినళ్ళు సిస్టీన్ ఛాపెల్ లోపలికి వెళ్ళి తలుపులు మూసుకున్నారు. కొత్త పోప్‌ను ఎన్నుకునేందుకు కూర్చున్న వాళ్ళలో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కూడా ఉండడంతో ‘కాన్‌క్లేవ్’ అనే మాట తెలుగు పత్రికల్లో బాగానే నలిగింది. అంతకు చాలాముందే ఈ మాట హైదరాబాద్ హోటళ్ళ బ్యానర్ల మీదికి ఎక్కింది. అక్కడేమో బిజినెస్ కాన్‌క్లేవ్, స్టార్టప్ కాన్‌క్లేవ్. మొదటిది తాళం వేసుకుని చేసే పని. రెండోది తలుపులు బార్లా తెరిచి, కెమెరాలను పిలిచి మరీ చేసే పని. వీటిలో ఏది మాట అసలు అర్థానికి దగ్గర?

జవాబు కావాలంటే మాడ్రిడ్‌లో ఎవరైనా ఇంటి ముందు నిలబడి జేబులో తడుముకునే వస్తువు పేరు తెలియాలి. స్పానిష్‌లో తాళంచెవిని ‘యావె’ అంటారు. కాన్‌క్లేవ్‌లోని ‘క్లేవ్’, ఈ ‘యావె’ ఒకే తల్లి పిల్లలు. చూడ్డానికి పోలికే లేదు కదా అనిపిస్తుంది. పోలిక లేనివాళ్ళు చుట్టాలెలా అవుతారో, అచ్చం ఒకేలా ఉన్నవాళ్ళు ఎందుకు కారో చెప్పడానికి ఈ మాటను మించిన ఉదాహరణ దొరకదు.

తాళం తీసేది, కుళాయి తిప్పేది, మల్లయుద్ధంలో పట్టు

‘యావె’ను రాసేటప్పుడు మొదట రెండు ‘ఎల్’ అక్షరాలు వేస్తారు. ఆ జంట ఒకప్పుడు ‘ల్య’కు దగ్గరగా పలికేది. ఇప్పుడు స్పెయిన్‌లో, లాటిన్ అమెరికాలో ఎక్కువ చోట్ల ‘య’ అయింది. బ్యూనస్ ఐరిస్‌లో అయితే ‘షావె’ అని వినబడుతుంది. ‘వె’ని కూడా మనం పలికే ‘వ’లా కాక, పెదవులు పూర్తిగా మూయకుండా పలికే మెత్తటి ‘బ’లా అంటారు.

అర్థాలు చాలానే ఉన్నాయి. లాటిన్ అమెరికాలో చాలా దేశాల్లో నీళ్ళ కుళాయి కూడా యావెయే, స్పెయిన్‌లో మాత్రం దానికి ‘గ్రీఫొ’ అనే వేరే మాట ఉంది. మన మెకానిక్ షెడ్లలో పానా అనే స్పానర్ యావెయే. అందులో నోరు చిన్నదీ పెద్దదీ చేసుకోగలిగే రకం పేరు ‘యావె ఇంగ్లేస’, అంటే ఇంగ్లీషు తాళంచెవి. అర్జెంటీనాలో లైటు స్విచ్, గణితంలో మీసాల బ్రాకెట్లు, కుస్తీలో ఎదుటివాణ్ణి కదలకుండా బిగించే పట్టు, ఇవన్నీ యావెలే. కొలంబియాలో ప్రాణస్నేహితుణ్ణి కూడా ‘యావె’ అని పిలుస్తారు. స్నేహితుడి సంగతి పక్కన పెడితే మిగతావాటిలో ఒకే ఊహ కనిపిస్తుంది: తిప్పితే తెరుచుకునేది, లేదా బిగుసుకునేది.

క్లావెమ్ నుంచి యావె దాకా

లాటిన్‌లో తాళంచెవి పేరు ‘క్లావిస్’. రోమన్ ఇంట్లో దానికి చట్టపరమైన బరువు కూడా ఉండేది. భార్య చేతిలోంచి తాళంచెవులు తీసుకుంటే విడాకులు ఇచ్చినట్టే. మార్క్ ఆంటొనీ తన ప్రియురాలిని ఇదే పద్ధతిలో, రోమ్ తొలినాటి లిఖిత శాసనమైన పన్నెండు పలకల చట్టం ప్రకారం తాళంచెవులు లాక్కుని సాగనంపాడని సిసెరో ఒక ప్రసంగంలో ఎద్దేవా చేశాడు. కొంగున తాళాల గుత్తి ఎవరికుంటే ఇంటి పెత్తనం వాళ్ళదే అన్న లెక్క మనకూ కొత్తది కాదు.

స్పానిష్ నామవాచకాలు సాధారణంగా లాటిన్ ప్రథమా విభక్తి రూపం నుంచి రాలేదు, ద్వితీయా రూపం నుంచి వచ్చాయి. అంటే ‘క్లావిస్’ కాదు, ‘క్లావెమ్’. చివరి ‘మ్’ రోమన్ల కాలంలోనే నోట్లో కరిగిపోయింది. మిగిలింది ‘క్లావె’. అసలు మార్పు ముందున్న ‘క్ల’లో జరిగింది.

‘క్’ పలికిన వెంటనే నాలుక ‘ల్’కు సిద్ధమవుతుంది. ఆ తొందరలో నాలుక నడిమి భాగం అంగిటి వైపు లేస్తే ‘ల్’ కాస్తా ‘ల్య’ అవుతుంది, ‘క్ల’ ‘క్ల్య’ అవుతుంది. ఇక్కడి నుంచి ఒక్కో ప్రాంతం ఒక్కో దారి పట్టింది. ఇటాలియన్లు ‘ల్’ను వదిలేసి ‘క్య’ను ఉంచుకున్నారు: ‘క్యావె’. స్పెయిన్‌లోని కాస్తీయ ప్రాంతం ‘క్’ను వదిలేసి ‘ల్య’ను ఉంచుకుంది: ‘ల్యావె’, తర్వాత ‘యావె’. పోర్చుగీసులు మొత్తం ముద్దను ‘చ’ చేశారు: ‘చావె’. ఫ్రెంచి, కాటలాన్ భాషలు ‘క్ల’ జోలికి పోలేదు: ‘క్లె’, ‘క్లౌ’.

ఇది ఒక్క మాటకు జరిగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. ‘ప్ల’, ‘ఫ్ల’లకూ ఇదే జరిగింది. లాటిన్, స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్ అనే వరసలో చూడండి. ఇప్పటి లిస్బన్ ఉచ్చారణలో ఆ ‘చ’ ‘ష’ అయిపోయింది కాబట్టి పోర్చుగీసు మాటలను ‘ష’తోనే ఇస్తున్నాను.

తాళంచెవి: క్లావెమ్, యావె, షావె, క్యావె
పిలవడం: క్లామారె, యమార్, షమార్, క్యమారె
నిండు: ప్లేనుమ్, యెనొ, షెయు, పియెనొ
వాన: ప్లువియా, యువియ, షువ, పియొజ్జ
మంట: ఫ్లమ్మా, యామ, షమ, ఫియమ్మ

(నిండు అనే అర్థమున్న ‘ప్లేనుమ్’కు సంస్కృత ‘పూర్ణ’ దూరపు చుట్టం. అది వేరే వ్యాసం.)

ఇలాంటి వరస మనకూ అలవాటైనదే. కన్నడ ‘కివి’ తెలుగులో ‘చెవి’, కన్నడ ‘కెరె’ తెలుగులో ‘చెరువు’, కన్నడ ‘కై’ తెలుగులో ‘చెయ్యి’. ఇ, ఎ వంటి అచ్చుల ముందు పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది. కివి, చెవి ఒకేలా ఉన్నాయి కాబట్టి చుట్టాలు అనడం లేదు. ఇదే మార్పు మాట తర్వాత మాటలో పొల్లుపోకుండా కనిపిస్తోంది కాబట్టి అంటున్నాం. భాషాశాస్త్రంలో చుట్టరికానికి సాక్ష్యం ముఖం కాదు, వరస.

ఒకే మాట రెండుసార్లు పుడితే: యావె, క్లావె

స్పానిష్‌లో ‘యావె’తో పాటు ‘క్లావె’ అనే మాట కూడా ఉంది. దాని మూలమూ ‘క్లావెమ్’ అనే ఆ ఒక్క లాటిన్ మాటే. తేడా వచ్చిన దారిలో ఉంది. యావె జనం నోళ్ళలో తరతరాలు నాని అరిగింది. క్లావెను చదువుకున్నవాళ్ళు తర్వాత లాటిన్ పుస్తకంలోంచి నేరుగా తీసుకున్నారు, కాబట్టి ‘క్ల’ చెక్కుచెదరలేదు.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు ఇది తద్భవం, తత్సమం అని వెంటనే తడుతుంది. పోలిక ఇంకా దగ్గరగా కావాలంటే ‘బాస’, ‘భాష’ చూడండి. రెండూ ఒకే మాట. కానీ బాస చేస్తాం, భాష మాట్లాడతాం. రూపం చీలాక అర్థాలు కూడా పంచుకున్నాయి. యావె, క్లావెల మధ్య పంపకం కూడా అలాంటిదే. చేత్తో పట్టుకుని తిప్పే ఇనుప వస్తువులన్నీ యావెకు పోయాయి. కంటికి కనబడని తాళాలు క్లావె వాటాకు వచ్చాయి: రహస్య లిపిని విప్పే సూత్రం, బ్యాంకు పాస్‌వర్డ్, సంగీత స్వరలిపిలో గీతల మొదట వేసే గుర్తు, వాదంలో అసలు కిటుకు. ఒక్క మినహాయింపు రాతి పనిలో ఉంది. కమాను నెత్తిన చివరగా బిగించే రాయి కూడా క్లావెయే. ఆ రాయి పడేదాకా కమాను కింద చెక్క ఆసరా తీయడానికి లేదు.

విశేషణంగానూ వాడతారు. ‘పలాబ్ర క్లావె’ అంటే కీలక పదం. ఈ ‘కీలక’ సంగతికి మళ్ళీ వద్దాం.

క్యూబా సంగీతంలో రెండు గట్టి కర్ర ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి లయ నిలిపే వాద్యం పేరు ‘క్లావెస్’. లయకు కీలకం కాబట్టి ఆ పేరు వచ్చిందని అనుకోవడం సహజం. క్యూబా పండితుడు ఫెర్నాండో ఓర్తిస్ మాత్రం దాన్ని హవానా ఓడల షెడ్లలో పలకలు బిగించే కొయ్య చీలలతో, అంటే ‘క్లావీహ’లతో ముడిపెట్టాడు. ఏ దారిన వచ్చినా చేరేది ఒక్క ఇంటికే. క్లావీహ కూడా క్లావిస్ మనవరాలు. ‘చిన్న తాళంచెవి’ అనే అర్థమున్న లాటిన్ ‘క్లావికులా’ నోళ్ళలో అరిగితే క్లావీహ అయింది. లాటిన్ ‘అవ్రికులా’ ఇలాగే ‘ఒరేహ’ అయింది, అంటే చెవి. అదే క్లావికులాను వైద్యులు పుస్తకంలోంచి తీసుకుంటే ‘క్లావీకుల’ అయి, మెడకింద అడ్డంగా ఉండే జత్రుక ఎముకకు పేరైంది. గ్రీకులో కూడా ‘క్లెయిస్’ అనే ఒకే మాట తాళంచెవికీ ఈ ఎముకకూ చెల్లేది. ఆ కాలపు తాళంచెవి మనకు తెలిసిన పళ్ళ తాళంచెవి కాదు, వంకర తిరిగిన పొడవాటి కొక్కెం. జత్రుకను చేత్తో తడిమి చూస్తే ఆ వంపు తెలుస్తుంది.

మేకు, లవంగం, ఒక పువ్వు

అసలు తాళంచెవికి ముందు ఉన్నది కొక్కెం, చీల. తలుపు వెనక అడ్డగడియలో దిగేదో, సందులోంచి దూర్చి గడియను లాగేదో ఒక పుల్ల. అందుకే లాటిన్‌లో క్లావిస్ పక్కన ‘క్లావుస్’ కూడా ఉంది, అంటే మేకు. మూసివేయడం అనే అర్థంలో ‘క్లౌదెరె’ అనే క్రియ ఉంది. మూడూ ఒకే పురాతన ధాతువు పిల్లలు.

క్లావుస్ స్పానిష్‌లో ‘క్లావొ’ అయింది. దానికి రెండు అర్థాలు: మేకు, లవంగం. ఎండిన లవంగ మొగ్గను పట్టుకుని చూస్తే కారణం తెలిసిపోతుంది. తల ఉంది, కాడ ఉంది, గుచ్చుకుంటుంది. మనం తాంబూలం మడిచి విడిపోకుండా లవంగం గుచ్చినప్పుడు అది నిజంగానే మేకు పని చేస్తోంది. ఇంగ్లీషు ‘క్లోవ్’ కూడా మేకు అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే. పారశీకంలో లవంగాన్ని ‘మీఖక్’ అంటారు, అంటే చిన్న మేకు. అందులోని ‘మీఖ్’ పాత రూపం ‘మేఖ్’, మన తెలుగు ‘మేకు’కు మూలం అదే. ఇంకో తమాషా ఏమిటంటే, మీఖక్ అంటే కార్నేషన్ పువ్వు కూడా. స్పానిష్‌లో ఆ పువ్వు పేరు ‘క్లావెల్’. లవంగం వాసన వేస్తుందని కాటలాన్ భాషలో లవంగం పేరే పెట్టారు, అక్కడి నుంచి స్పానిష్‌కు వచ్చింది. రెండు భాషలు సంబంధం లేకుండా మేకు నుంచి లవంగానికి, లవంగం నుంచి పువ్వుకు ఒకే మెట్లు ఎక్కాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. ‘క్ల’ స్పానిష్‌లో ‘య’ కావాలని చెప్పుకున్నాం. మరి మేకు ‘యావొ’ కాలేదేం? ‘క్లావొ’గానే ఎందుకు మిగిలింది? అదొక్కటే కాదు. ‘క్లారొ’ (తేట), ‘ప్లాస’ (బజారు కూడలి), ‘ఫ్లోర్’ (పువ్వు) కూడా వరస తప్పినవే.

దీనికి రెండు వివరణలు గట్టిగా వినబడతాయి. చర్చి లాటిన్, చదువుకున్నవాళ్ళ ఉచ్చారణ కొన్ని మాటలను అరగకుండా కాపాడాయనేది మొదటిది. ‘క్ల’ మారని తూర్పు ప్రాంతాల నుంచి, అంటే ఆరగాన్, కాటలోనియా వైపు నుంచి కొన్ని మాటలు కాస్తీయలోకి వచ్చాయనేది రెండోది. క్లావెల్ విషయంలో రెండోది నిజమే. క్లావొకు మాత్రం రెండూ పూర్తిగా అతకవు. పోర్చుగీసు చూస్తే ఎందుకో తెలుస్తుంది. అక్కడ మేకును, లవంగాన్ని, కార్నేషన్‌ను ‘క్రావు’ అంటారు. కూడలి ‘ప్రాస’. ‘ల్’ పోయి ‘ర్’ వచ్చింది. ఇది పుస్తకంలోంచి ఎత్తుకున్నవాళ్ళు చేసే మార్పు కాదు, జనం నోరు చేసే మార్పు. అంటే పోర్చుగీసులో మాటలు మూడు పొరలుగా దిగాయి: బాగా అరిగి ‘చ’ అయినవి, కొంత ఆలస్యంగా వచ్చి ‘క్ర’, ‘ప్ర’ అయినవి, చివర్లో వచ్చి అసలు మారనివి. స్పానిష్‌లోనూ ఇలాంటి పొరలే ఉండి ఉంటాయి, కాకపోతే రెండో పొరకు వేరే గుర్తు మిగల్లేదు అనుకోవడం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

కాన్‌క్లేవ్, యానాం, కుక్కర్ మూత

లాటిన్‌లో ‘కాన్‌క్లావె’ అంటే పోప్‌కు సంబంధించిన మాట కానే కాదు. ‘తాళంచెవితో కూడినది’, అంటే తాళం వేసుకోగల ఏ గది అయినా సరే. దానికి ఇప్పటి అర్థం ఇటలీలోని వితెర్బో ఊళ్ళో పుట్టింది. 1268లో పోప్ నాలుగో క్లెమెంట్ చనిపోయాక కార్డినళ్ళు దాదాపు మూడేళ్ళు తేల్చలేకపోయారు. ఊరివాళ్ళు విసిగి వాళ్ళను భవనంలో పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, కప్పు కూడా ఊడదీశారు. 1271 సెప్టెంబరులో పదో గ్రెగొరీ ఎంపికయ్యాడు. ఆయనే 1274లో లియోన్ సభలో ఈ తాళం పద్ధతిని నియమంగా మార్చాడు. ఈ లెక్కన తలుపులు తెరిచి పెట్టి నిర్వహించే కాన్‌క్లేవ్ అనేది తాళం లేని తాళంచెవి.

‘ఎన్‌క్లేవ్’ కూడా ఈ ఇంటిదే. చుట్టూ మరొకరి నేల ఉండి, తాళం పడ్డట్టు మిగిలిన ప్రాంతం. దీనికి యానాం మంచి ఉదాహరణ. పుదుచ్చేరి పాలనలో ఉన్నా, అక్కడి నుంచి రోడ్డెక్కి ఎటు కదిలినా అడుగు పడేది ఆంధ్రప్రదేశ్‌లోనే.

‘ఆటోక్లేవ్’ అంటే తనకు తానే తాళం వేసుకునేది. ఆసుపత్రుల్లో పరికరాలను 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చదరపు అంగుళానికి అదనంగా 15 పౌండ్ల ఒత్తిడితో 15 నిమిషాలపాటు ఆవిరి పట్టే పెట్టె అది. పేరు ఎందుకలా వచ్చిందో వంటింట్లో లోపలి మూత కుక్కర్ చూస్తే చాలు. కోలగా ఉండే మూతను ఏటవాలుగా లోపలికి దించి, తిప్పి, కింది నుంచి అంచుకు ఆనిస్తాం. ఆవిరి పెరిగేకొద్దీ మూతను పైకి తోస్తుంది, మూత అంచుకు ఇంకా బిగుస్తుంది. ఒత్తిడి దిగేదాకా తీద్దామన్నా రాదు.

‘క్లౌదెరె’ సంతానం ఇంకా పెద్దది. ఇంగ్లీషు ద్వారా మనం రోజూ అనే క్లోజ్, ఇంక్లూడ్, ఒప్పందంలోని క్లాజ్ అన్నీ అందులోవే. స్పానిష్‌లో ‘ఇంక్లుయిర్’, ‘క్లౌసుల’ ఉన్నాయి. కానీ తలుపు మూయడానికి స్పానిష్‌వాళ్ళు వాడే ‘సెర్రార్’ ఈ ఇంటిది కాదు. అది తలుపు అడ్డగడియ అనే అర్థమున్న ‘సెరా’ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

చుట్టాల్లా కనిపించే పరాయివాళ్ళు

స్పానిష్‌లో బానిసను ‘ఎస్‌క్లావొ’ అంటారు. లోపల ‘క్లావొ’ స్పష్టంగా కనబడుతోంది. అయినా సంబంధం లేదు. మధ్యయుగాల్లో పెద్ద సంఖ్యలో బానిసలుగా అమ్ముడుపోయిన స్లావ్ జాతి పేరు నుంచి ఆ మాట వచ్చింది. అయితే ఈ పైపై పోలిక 16, 17 శతాబ్దాల స్పెయిన్‌లో ఒక క్రూరమైన పనికి దారితీసింది. కొందరు బానిసల ముఖం మీద ‘ఎస్’ అక్షరాన్ని, ఒక మేకు బొమ్మను కాల్చి ముద్ర వేసేవారు. ‘ఎస్’, ‘క్లావొ’ కలిపి చదివితే ఎస్‌క్లావొ. వ్యుత్పత్తి తప్పే, కానీ ఆ తప్పు మనుషుల చర్మం మీదికి ఎక్కింది.

మనవైపు నుంచి చూస్తే ‘కీలకం’ ఇలాంటిదే. సంస్కృతంలో ‘కీల’ అంటే చీల, మేకు. దాన్నుంచి తెలుగులో ‘కీలకం’ వచ్చింది, మరాఠీలో తాళంచెవికి ‘కిల్లీ’ వచ్చింది. మేకు నుంచి తాళంచెవికి, అక్కడి నుంచి ముఖ్యమైన విషయానికి నడిచిన దారి అచ్చం లాటిన్‌దే. శబ్దంలో కూడా కాస్త పోలిక ఉంది. కానీ సంస్కృత ‘కీల’ను లాటిన్ ‘క్లావ్’తో కలిపే ధ్వని వరస లేదు. ఊహలు కలిశాయి, రక్తం కలవలేదు.

మరి మన తాళంచెవి?

పోర్చుగీసులు 1498లో కాలికట్‌లో దిగారు. తర్వాతి శతాబ్దాల్లో తెలుగులోకి నేరుగానో పక్క భాషల మీదుగానో బాల్చీ, బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రి, వేలం వంటి మాటలు వచ్చాయి. వాళ్ళ తాళంచెవి కూడా దేశమంతా పాకింది. హిందీలో ‘చాబీ’, తమిళంలో ‘చావి’, మరాఠీలో ‘చావీ’. ఈ వరసలో తెలుగు ‘తాళంచెవి’ని ఎక్కడ పెట్టాలి?

కొందరు అందులోని ‘చెవి’ పోర్చుగీసు ‘చావె’యేనంటారు. వచ్చిన కొత్త మాటకు అర్థం తెలియక జనం తమకు తెలిసిన ‘చెవి’గా మార్చుకున్నారని వాదన. ఇలా పరాయి మాటను ఇంటి మాటలా సర్దుకోవడం అన్ని భాషల్లోనూ జరిగేదే. చుట్టుపక్కల భాషలన్నిటిలో ‘చా’ దీర్ఘం ఉండగా తెలుగులో మాత్రమే ‘చె’ ఉండడానికి ఈ వాదన కారణం చూపగలుగుతుంది.

రెండో వాదన ప్రకారం అది మన చెవే. పట్టుకునే వైపు గుండ్రంగా, కన్నంతో ఉండే తాళంచెవి చెవిలా ఉంటుంది. పైగా కన్నడంలో తాళంచెవిని ‘బీగద కై’ అంటారు, అంటే తాళానికి చెయ్యి. పొరుగింట్లో తాళానికి చెయ్యి ఉన్నప్పుడు మనింట్లో చెవి ఉంటే వింతేముంది? తెలుగులో ‘చెవి’ ఒంటరిగా కాక తాళం చెవి, బీగం చెవి అని తాళం పేరుతో జతగా వినబడడం కూడా ఈ వాదనకు బలమే. అరువు మాట అయితే హిందీ చాబీలా ఒంటరిగా నిలబడగలగాలి. కానీ కన్నడిగులు ‘బీగద కివి’ అనలేదన్నదీ గుర్తుంచుకోవాలి. శరీర భాగంతో పోల్చడం ఇద్దరికీ ఉంది, ఆ భాగం మాత్రం ఒకటి కాదు.

ఈ రెంటి మధ్య ధ్వని వరసతో తేల్చడం కుదరదు, ఎందుకంటే జనవ్యుత్పత్తి, అంటే పరాయి మాటను జనం తమకు తెలిసిన మాటలా సర్దుకోవడం, వరసను పాటించదు. తేల్చగలిగేది తేదీ ఒక్కటే. 1498కి ముందటి శాసనంలోనో కావ్యంలోనో తాళం తీసే వస్తువుకు ‘చెవి’ కనబడితే పోర్చుగీసు వాదన అక్కడితో ఆగిపోతుంది.

హిందీ చాబీ విషయంలో అలాంటి వివాదం లేదు. పైగా అది లిస్బన్ పోగొట్టుకున్న దాన్ని దాచి ఉంచింది. పోర్చుగీసు ఓడలు మన తీరానికి వచ్చిన రోజుల్లో ఆ మాట ఇంకా ‘చావె’యే. తర్వాతి శతాబ్దాల్లో లిస్బన్ నోట అది ‘షావె’గా మెత్తబడింది. పోర్చుగల్ ఉత్తరాది పల్లెల్లో కొన్నిచోట్ల, మన దేశంలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా ‘చాబీ కహాఁ హై’ అని వెతుక్కునే ప్రతి ఇంట్లో ఆ పాత ‘చ’ ఇప్పటికీ వినబడుతుంది.